ఎడమచేతి చాటు నవ్వు

నాకు అనుమానం ఎక్కువ. సిగ్గుపడి చెప్తున్న మాట కాదిది. పాలామె కళ్ళముందే పిండి పోసినా చెంబు వంచి చూసుకుంటాను. కూరగాయలాయన తూకం వేస్తుంటే నా చూపు వంకాయల మీద ఉండదు, ఆయన చిటికెన వేలు మీద ఉంటుంది. "నువ్వు పుట్టంగనే ఏడ్వలేదు బిడ్డా, మంత్రసానిని ఎగాదిగ చూసినవ్" అని మా బాపు ఎగతాళి చేసేవాడు. ఆ అనుమానమే నా సంసారాన్నీ, నా అంగన్‌వాడీ కొలువునూ ఇన్నేళ్ళు కాపాడిందని గట్టిగా నమ్మేదాన్ని. ఒక్కసారి మాత్రం అది నన్ను నిలువునా ముంచింది. ఆ సంగతి చెప్తాను.

మాది మర్రిగూడ వైపు ఊరు. బాపుకు నేను ఒక్కతే కూతుర్ని. మా ఆయన హైదరాబాదులో బండి నడుపుతాడు, నెలకోసారి వచ్చిపోతాడు. అమ్మ పోయినప్పటినుంచి ఇల్లు నాదే, పెత్తనమూ నాదే. తెలంగాణ వచ్చి కొన్నేళ్ళయింది. ఇంటింటికీ నల్లాలో కృష్ణ నీళ్ళు వచ్చిన మరుసటి ఎండాకాలం, ఒకరోజు పొద్దున మా వాకిట్లో ఆటో ఆగింది. నారాయణపేట చీర కట్టుకున్న ఒక ముసలామె దిగింది. డెబ్బయి అయిదేళ్ళుంటాయి. వీపు మాత్రం గోడకు ఆనించినట్టు నిటారుగా ఉంది. మా ఊళ్ళో ఆ వయసువాళ్ళ వీపు అట్లా ఉండదు. ఫ్లోరైడు నిండిన బోరునీళ్ళు తాగి తాగి మా బాపు నడుము యాభై దాటకముందే వంగిపోయింది. నిలబడితే ఆయనకు నేల తప్ప ఏమీ కనిపించదు. మనిషి ముఖం చూడాలంటే మంచం మీద వెనక్కి వాలాలి.

అందుకే ఆయనకు మొదట కనిపించినవి ఆమె పాదాలు. కాసేపు వాటినే చూసి, "అక్కా?" అన్నాడు.

ఆమె అక్కడే కూలబడింది. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకొని ఏడ్చారు. నాకైతే ఒళ్ళు మండింది. అరవై అయిదేళ్ళ తర్వాత పాదాలు చూసి ఎవరైనా మనిషిని గుర్తుపడతారా? అప్పుడు బాపుకు అయిదేళ్ళు!

బాపుకు ఒక అక్క ఉండేదని నాకు తెలుసు. తల్లి చనిపోయాక, తొమ్మిదేళ్ళప్పుడు, జాతరలో తప్పిపోయిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఈమె చెప్పిన కథ వేరు. తప్పిపోలేదట. ఆ ఏడు కరువు. జాతరకు వచ్చిన నాటక కంపెనీ నడిపే ఆవిడ చేతిలో మా తాతే ఆమెను పెట్టాడట. "ఈడుంటె సస్తవ్ బిడ్డా, ఆడ గింత బువ్వన్న దొరుకుతది" అన్నాడట. కంపెనీ నుంచి కంపెనీ మారి, పద్నాలుగేళ్ళకు మద్రాసు చేరిందట. అక్కడ సినిమా పాటల్లో డాన్సు చేసిందట.

"ఏ పాటల?" అన్నాను.

చెప్పింది. నేను నోరు తెరిచాను. ఆ పాట తెలియని మనిషి తెలుగు దేశంలో లేడు. పెళ్ళి బరాతుల్లో బ్యాండువాళ్ళు ఇప్పటికీ వాయిస్తారు. ఆ పాటలో ఆడిన ఆమె అంటే ఒకప్పుడు హీరోయిన్ కంటే ఎక్కువ పేరు. నవ్వేటప్పుడు ఎడమచేయి బోర్లా తిప్పి, వేళ్ళు కొంచెం మడిచి నోటికి అడ్డం పెడుతుంది. ఆ ఒక్క భంగిమకు హాల్లో ఈలలు పడేవట, పట్నంలో కాలేజీ అమ్మాయిలు అద్దం ముందు నిలబడి నేర్చుకునేవారట. పత్రికలవాళ్ళు దానికి ఆమె పేరే పెట్టేశారు.

ఫోనులో ఆ పాట పెట్టి, ముఖం పక్కన ముఖం పెట్టి చూశాను. కనుబొమ్మ మీది మచ్చ, గడ్డం కింది సొట్ట, అన్నీ సరిపోయాయి. ఆమె ఆమే. సరే, ఒప్పుకున్నాను. కానీ డాన్సరైతే మాత్రం మా మేనత్త ఎందుకవుతుంది? ఆమెది గోదావరి ఒడ్డున ఊరని అందరూ రాశారు. ఆమె ఇంటర్వ్యూలోనే చెప్పింది, నేనే విన్నాను. "గోదారి నీళ్ళు తాగి పెరిగినదాన్నండీ" అంటుంది అందులో.

పైగా ఆమె వచ్చిన ఏడు చూడండి. తాతకు సర్కారు ఇచ్చిన మూడెకరాల పట్టా వారసత్వంగా బాపు పేరు మీదికి విరాసత్ చేయించే ఏడు అది. రోడ్డు వెడల్పయి, కార్లలో మనుషులు వచ్చి మా చెలకల్లో నిలబడి ఫోటోలు తీసుకుంటున్న కాలం. భూమికి విలువ వస్తే చచ్చిపోయినవాళ్ళు కూడా లేచి వస్తారు. మా వీధిలోనే ఒకాయనకు ఇద్దరు అన్నదమ్ములు కొత్తగా పుట్టుకొచ్చారు, యాభై ఏళ్ళ వయసుతో! అందుకని నేను కళ్ళు చిట్లించి కూర్చున్నాను.

"ఎందుకొచ్చిన్రు?" అని మొహమాటం లేకుండా అడిగాను.

"రాఖీ కట్టడానికమ్మా" అంది. "ఒక్కసారి నా తమ్ముడికి రాఖీ కట్టాలి. పున్నమి దాకా ఉండనివ్వు. కట్టి, నువ్వు ఉండమంటే ఉంటా, పొమ్మంటే పోతా."

రాఖీకి ఇంకా మూడు నెలలుంది. ఆ ఒక్క దారం కోసం మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకొని ఎవరైనా వస్తారా? పిల్లి తీర్థం పోతున్నానంటే ఎలుక నమ్ముతుందా?

ఆమెకు ముందుగది ఇచ్చాను. ఇచ్చినట్టే ఇచ్చి కాపలా కాశాను. ఆమె నాతో మాట్లాడేది పుస్తకాల భాష, "వచ్చానమ్మా, తిన్నానమ్మా" అని. బాపుతో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం "ఏం రా, తిన్నవా? జర పక్కకు జరుగు" అనేది. తలుపు చాటు నుంచి విని, ఓహో, ఎంత తొందరగా మా మాట పట్టేసింది, నటి కదా అనుకున్నాను. బాపు మడమ మీద కొడవలి గాటు సంగతి ఆమెకు తెలుసు. ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. బాపును కన్న మా అవ్వ సమాధి ఎక్కడో అడక్కుండానే నడిచిపోయింది. ముందే వచ్చి చూసుకొని ఉంటుందనుకున్నాను. అనుమానపు మనిషికి జవాబు దొరకని ప్రశ్న ఉండదు.

మధ్యాహ్నాలు బాపు మంచం పక్కన కూర్చొని కథలు చెప్పేది. నేను బియ్యం ఏరుతున్నట్టు నటిస్తూ వినేదాన్ని. మొదట గుంపు డాన్సుల్లో వెనక వరుస. కెమెరాకు కాళ్ళు కూడా కనిపించని జాగా. తెల్లారకముందే స్టూడియో బండి ఎక్కడం, కిలోల బరువు నగలు, పాదాలు పగిలి రక్తం వస్తే పారాణి పూసి మళ్ళీ ఆడించడం. ఆమె మాట విని మేకప్ గదిలో అందరూ నవ్వేవారట. "బండకేసి బాదినట్టు మాట్లాడతావేంటే" అని వెక్కిరించేవారట. అందుకే నోరు మూసుకొని వాళ్ళ భాష నేర్చుకుందట. తర్వాత ఒక్కతే ఆడే పాటలు వచ్చాయి. పదేళ్ళు ఆమె పాట లేకుండా పెద్ద సినిమా లేదు. ఆ తర్వాత హీరోయిన్లే ఆ డాన్సులు చేయడం మొదలుపెట్టారు. ఈమెకు మోకాళ్ళు పోయాయి, కబురు పెట్టేవాళ్ళు కరువయ్యారు. పెళ్ళి సంగతి అడిగితే "అయింది, పోయింది" అనేసింది.

వినడానికి బాగానే ఉంది. కానీ నా దగ్గర ఒక గట్టి ఆధారం ఉంది. పళ్ళు.

మా ఊరి నీళ్ళ సంగతి లోకమంతటికీ తెలుసు. తొమ్మిదేళ్ళ దాకా ఇక్కడి బావినీళ్ళు తాగినవాళ్ళకు గారపళ్ళు తప్పవు. గోధుమరంగు చారలు పడి, అంచులు తినేసినట్టు అయిపోతాయి. నావి అంతే, బాపువి అంతే. ఫోటో తీస్తుంటే మా ఊరివాళ్ళెవ్వరూ నవ్వరు. మరి ఆ పాటలో ఈమె పళ్ళో? ఇరవై ఏళ్ళ పిల్ల, మల్లెమొగ్గలు పేర్చినట్టు వరుస! ఆ పళ్ళు మా నీళ్ళు ఎరగవు. ఇంకేం కావాలి?

ఆషాఢంలో ఒకరోజు ముఖం మీదే అనేశాను. "మీరు ఎవరైనా కావచ్చు గాని మా ఊర్ల పుట్టలే. గా పాటల మీ పళ్ళు సూసిన. మా నీళ్ళు తాగినోళ్ళ పళ్ళు గట్లుంటయా?"

ఆమె ఎడమచేయి లేచి నోటికి అడ్డం వెళ్ళింది. అబ్బ, ఈ వయసులో కూడా ఆ సినిమా వేషాలు పోలేదు అనుకున్నాను. ఏమీ అనలేదు ఆమె. అనకపోతే ఒప్పుకున్నట్టే కదా.

మర్నాడు బాపుకు దవాఖానకని చెప్పి, ఆమెను నల్లగొండ తీసుకుపోయాను. దస్తావేజులు రాసే పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకొని, "అక్కగా నా హక్కు తమ్ముడికి వదులుకుంటున్నానని రాస్తే సాలమ్మా, పని అయిపోతది" అన్నాడు. నేనెందుకు ఒప్పుకుంటాను? అక్క అని రాస్తే అక్క అని మనమే ఒప్పుకున్నట్టు. రేపు మనసు మారి కోర్టుకెక్కితే?

"గట్ల వద్దు సారూ. అసలు అక్కనే కాదని రాయుండ్రి."

ఆయన కలం ఆపి ఆమె వైపు చూశాడు. ఆమె తలూపింది. 'నేను వారి తోబుట్టువును కాను, వారి కుటుంబంతో నాకు ఎటువంటి రక్తసంబంధమూ లేదు' అని రాసి చదివి వినిపించాడు. ఆమె కలం తీసుకొని సంతకం పెట్టింది. అభిమానులకు పెట్టి పెట్టి అలవాటైన చేయి, ఎంత అందమైన సంతకమో! తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు కిటికీ పక్క జాగా ఇచ్చింది. నేను చల్లగాలికి నిద్రపోయాను కూడా.

రాఖీ పున్నమి వచ్చింది. బాపు పొద్దున్నే తలస్నానం చేసి, తెల్ల అంగీ వేసుకొని, మంచం మీద వెనక్కి వాలి కూర్చున్నాడు. కుడిచేయి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లో ఆడబిడ్డలు దిగుతున్నారు, పిల్లలు మణికట్టు నుంచి మోచేతి దాకా రాఖీలతో తిరుగుతున్నారు. డెబ్బయి ఏళ్ళుగా బాపు చేయి ఆ రోజు ఖాళీగానే ఉండేది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ముందుగది తలుపు తెరుచుకోలేదు.

"అక్కా, రావేందే?" అని పిలిచాడు బాపు.

ఆమె గడపలోకి వచ్చి నిలబడింది. చేతిలో పళ్ళెం లేదు. "నేను కట్టకూడదురా" అంది. "నీ అక్కను కానని సంతకం పెట్టి వచ్చిన. పెట్టినంక ఏ మొకంతోని కట్టాలె?"

బాపు నా వైపు తిరగబోయాడు. నడుము తిరగనివ్వలేదు. గడప వైపు చూస్తూనే అడిగాడు. "నువ్వు పెట్టించినవా?"

"నీ భూమి కోసమే బాపూ..."

"నా తోడబుట్టినదాన్ని కాదని రాయించినవా? థూ! గా భూమిల నన్ను బొంద పెట్టు పో."

బాపు నన్ను ఎన్నడూ అంత మాట అనలేదు. చేయి మాత్రం మోకాలి మీద నుంచి తీయలేదు. అట్లాగే కూర్చున్నాడు.

నాకు ఏడుపు వచ్చింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. చూశారా, ఎంత నాటకం! ఇంటికొచ్చి మూడు నెలలు కాలేదు, తండ్రికీ కూతురికీ చెడగొట్టింది! దొంగను పట్టిస్తాను చూడండనుకొని, వంటింట్లో కూర్చొని ఫోను తీశాను. ఆమె పాటలన్నీ మొదటినుంచి వెతికాను, ఎక్కడో ఒకచోట అబద్ధం దొరక్కపోతుందా అని.

ఒక పాత పాట దొరికింది. నలుపు తెలుపు. కోత కోసే ఆడవాళ్ళ గుంపు డాన్సు. వెనక వరుసలో చివర సన్నగా ఒక పిల్ల. ఆమే, పదహారేళ్ళుంటాయేమో. పాట మధ్యలో హీరోయిన్‌ను ఆటపట్టించి అందరూ ఒక్కసారి ఫక్కున నవ్వాలి. ఇరవై మంది నోరారా నవ్వారు. ఆ పిల్ల ఒక్కతే ఎడమచేయి బోర్లా తిప్పి నోటికి అడ్డం పెట్టుకుంది. కుడిచేతిలో కొడవలి ఉంది. అప్పటికి ఆమెకు పేరు లేదు, ఆ భంగిమకు ఈలలు లేవు. దాన్ని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. చూస్తున్న నా చేయి ఎక్కడుందో అప్పుడు తెలిసింది. నోటి మీద ఉంది. ఎడమచేయి, బోర్లా.

మేమందరం నవ్వేది అట్లాగే. కుడిచేతిలో కొడవలో, గరిటెనో, పలకో ఉంటుంది. పళ్ళు కనపడకుండా ఎడమచేయి దానంతటదే లేస్తుంది. మా అమ్మ అట్లాగే నవ్వేది. బళ్ళో మేమందరం ఒకరినొకరు చూసుకొని అట్లాగే నవ్వేవాళ్ళం. పట్నం పిల్లలు అద్దం ముందు నేర్చుకున్నది మా ఊరి సిగ్గును. తెల్లటి పళ్ళున్న మనిషికి చేయి అడ్డం పెట్టుకునే పనేముంది? ఈ ప్రశ్న ఇంత అనుమానం ఉన్న నాకు మూడు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు.

ముందుగదిలోకి పోయాను. ఆమె చీరలు మడతపెట్టి సంచిలో సర్దుకుంటోంది. ఫోను చూపించాను. చాలాసేపు చూసింది.

"పందొమ్మిదేండ్లప్పుడు పీకిండ్రు" అంది. నాతో మా మాటలో మాట్లాడడం అదే మొదలు. "పైవరుస, కిందివరుస, ముందు పళ్ళన్నీ రెండు దినాలల్ల. గిసువంటి పళ్ళతోని దగ్గరి నుంచి తీయలేమన్నరు. నెల రోజులు గంజి తాగిన. కట్టుడు పళ్ళు పెట్టి, ఇగ నవ్వు అన్నరు. నవ్విన. చెయ్యి లేసింది. దించమంటరేమో అని బుగులయింది. డాన్సు మాస్టరు బాగుంది, ఉండనీ అన్నడు."

"మరి నేను అడిగిననాడు ఎందుకు చెప్పలే?"

"చెప్తె నమ్ముదువా? ఇంకో సాక్ష్యం అడుగుదువు." సంచి జిప్పు లాగింది. "గోదారి పిల్లనని వాళ్ళు రాసిండ్రు, గదే అనమంటె అన్న, ఊకున్న. తమ్మునికి అక్కను కానని నువ్వు రాయించినవ్, ఊకున్న. ఊకుండుడు నాకు అలవాటే."

మూడు నెలలుగా ఆమెను ఏమని పిలిచానో గుర్తు చేసుకుంటే, ఏమనీ పిలవలేదు. "ఇగో", "గిటు సూడుండ్రి", అంతే.

"అత్తమ్మా" అన్నాను. "బాపు చెయ్యి ఇంకా చాపుకొనే కూసున్నడు. రా అత్తమ్మా."

ఆమె సంచి అడుగు నుంచి ఒక చిన్న పొట్లం తీసింది. ఎరుపు పట్టుదారం రాఖీ. మద్రాసు నుంచే తెచ్చుకుందట. నేనే పళ్ళెంలో బొట్టు, మిఠాయి పెట్టిచ్చాను. ఆమె దారం చుట్టి పట్టుకుంది, ముడి నేను వేశాను. బాపు వెనక్కి వాలి ఆమె ముఖాన్ని చూస్తూనే ఉన్నాడు. నాతో ఆ రోజు మాట్లాడలేదు, మర్నాడు మాట్లాడాడు.

నల్లగొండలో రాయించిన కాగితం చింపబోతే అత్తమ్మ ఆపింది. "దాచిపెట్టుకో బిడ్డా. నీకు అనుమానం రోగం, రేపు మళ్ళీ తిరగబెడ్తది" అని నవ్వింది, చేయి అడ్డం పెట్టుకొని. నేనూ నవ్వాను. సగం ఎగతాళికి, సగం అలవాటు కొద్దీ దాన్ని ట్రంకుపెట్టెలో దాచాను.

మూడు రాఖీలు కట్టింది. నాలుగో రాఖీకి బాపు లేడు. ఆయన పోయిన ఏడాదికి అత్తమ్మ కూడా ముందుగదిలోనే నిద్రలో పోయింది. అవ్వ పక్కనే జాగా చేసి పెట్టాం. మట్టి నేనే వేశాను.

నాలుగు రోజులకు, ఆ కబురు విని హైదరాబాదు నుంచి ఒక విలేఖరి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. టీ తాగాడు. అన్నీ చెప్పాను. కరువు, నాటక కంపెనీ, పళ్ళు, చేయి. రాసుకున్నాడు. నేనిచ్చిన ఆమె ఆధార్ కార్డు చూసి కళ్ళు చిట్లించాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"ఆమెది గోదావరి జిల్లా కదండీ. ఆధార్‌లో చెన్నై అడ్రసు ఉంది. మీ బంధువని ఏదైనా కాగితం ఉందా?"

ఆ పెద్దాయన మాట విని 'అక్కగా నా హక్కు వదులుకుంటున్నాను' అని రాయించి ఉంటే, ఉండేది. అక్క అని ఆమె స్వయంగా పెట్టిన సంతకంతో ఉండేది. ఆమె సంతకమున్న కాగితం మా ఇంట్లో ఒక్కటే ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు.

"కాగితం లేదు సారూ. పాటల ఆమె నవ్వుడు చూడుండ్రి. మా ఊర్ల అందరం గట్లనే నవ్వుతం" అన్నాను. నవ్వి చూపించాను కూడా.

"అది ఆమె స్టైల్ కదండీ" అన్నాడు. "అందరూ కాపీ కొట్టేవారు."

ఆదివారం పత్రికలో పడింది. సగం పేజీ. గోదావరి తీరాన పుట్టి వెండితెరను ఊపేసిన నాట్యతార అని మొదలుపెట్టాడు. చివర రెండు వాక్యాలు మా గురించి. ఆఖరి రోజుల్లో నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో తలదాచుకున్నారనీ, ఆమె తన మేనత్త అని అక్కడి మహిళ ఒకరు చెప్పుకుంటున్నారనీ, అందుకు ఆధారాలేవీ లేవనీ.

ఆ పిల్లవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. నేనైనా అట్లాగే రాద్దును.